పాత పటం అడిగితే ‘ఏం కేసండీ?’ అంటున్నారు

సంపాదకులకు నమస్కారం. ఉత్తరం కొంచెం పెద్దదే. వీలైతే కోత పెట్టకుండా వేయండి, లేదంటే మీ ఇష్టం.

మాది దివిసీమ, కోడూరు మండలంలో ఒక చిన్న ఊరు. పేరు రాయను, ఎందుకో కింద చదివితే మీకే అర్థమవుతుంది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు బెజవాడలో పిల్లల దగ్గర ఉంటూ నెలకో రెండు నెలలకో ఊరెళ్ళి వస్తుంటాను.

భూముల రీసర్వే గురించి పేపర్లలో ఏదో ఒకటి వస్తూనే ఉంది. 2020 డిసెంబరులో అప్పటి మా ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే, జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు (ఉపగ్రహ సిగ్నళ్ళతో హద్దులు కొలిచే పరికరాలు) పట్టుకుని కుర్రాళ్ళు గట్ల వెంట తిరిగారు, సర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. విస్తీర్ణం తగ్గిందనీ, పేరు తప్పు పడిందనీ గొడవలున్నాయి, వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను రాయబోయేది అది కాదు. రీసర్వే వద్దని కూడా అనడం లేదు. నేనడిగేది ఒక్కటే. కొత్త పటం వచ్చాక పాత పటం ఏమవుతుంది? పాస్‌బుక్కులో సెంట్లు సరిచూసుకునేవాడికి దానితో పని లేకపోవచ్చు. కానీ మా ఊరు ఒకప్పుడు ఎట్లా ఉండేదో గీతల్లో చెప్పే కాగితం మాకున్నది అదొక్కటే.

మూడేళ్ళ కిందట ఒక ఆఫీసుకెళ్ళి మా ఊరి పాత గ్రామ పటం నకలు కావాలన్నాను. “ఏం కేసండీ?” అన్నాడు అక్కడి అబ్బాయి. కేసేం లేదు బాబూ, చూసుకోడానికి అన్నాను. నా మొహం వంక ఒకసారి, పక్కాయన మొహం వంక ఒకసారి చూశాడు. “పోనీ ఏ సర్వే నంబరు?” అన్నాడు. “అన్నీ” అన్నాను. అంతే, నా మీద అనుమానం ఖాయమైంది. నాలుగుసార్లు తిప్పించుకుని, డబ్బు కట్టించుకుని చివరికి ఇచ్చారు, అదీ జిరాక్సుకు తీసిన జిరాక్సు, ఒక మూలంతా మసి. ఈలోగా కబురు నాకంటే ముందే ఊరు చేరింది. బస్సు దిగేసరికి వరసకు కొడుకయ్యే కుర్రాడు ఎదురొచ్చి “బాబాయ్, మా చేను కొలిపిస్తున్నావంట కదా, ముందు మాతో ఒక్క మాటన్నా అనకూడదా” అని నిష్ఠూరంగా మాట్లాడాడు. వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళి, కాఫీ ఇచ్చి, పటం నేల మీద పరిచి చూపించి నమ్మించేసరికి గంట పట్టింది. మన దగ్గర పటం అడిగేవాడంటే తగాదా పెట్టుకునేవాడే మరి, వాడి తప్పు కూడా లేదు. (ఆ తర్వాత రెండు రోజులూ నాతో పొలాల వెంట తిరిగింది వాడే.)

మా వైపు చాలా ఊళ్ళు చల్లపల్లి జమీ కిందివి. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక జరిగిన సర్వే సెటిల్‌మెంటు నాటి పటం ఇది. 16 అంగుళాలకు ఒక మైలు లెక్కన గీశారు. అంటే పటంలో అంగుళం నేల మీద 330 అడుగులు, సరిగ్గా 5 గొలుసులు. గొలుసంటే 66 అడుగుల గంటర్ గొలుసు, అందులో 100 లింకులు, 10 చదరపు గొలుసులైతే ఎకరం. ఈ లెక్క ఒక్కసారి పట్టుబడిందంటే ఇంట్లో కూర్చుని ఊరంతా కొలిచేయొచ్చు. నేను మా మనవరాలి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసుకున్నాను.

మొదట కొలిచింది ఊరికీ మాలపల్లెకీ మధ్య దూరం. పటంలో పేరు అట్లాగే రాసి ఉంది, ఇప్పుడు దళితవాడ అంటున్నాం. రెండంగుళాలకు ఒక పిసరు తక్కువ, అంటే 600 అడుగుల పైచిలుకు. ఆ రెండంగుళాల్లో నాలుగు పొలం నంబర్లు, ఒక పంటబోదె ఉన్నాయి, దారి మాత్రం లేదు. పల్లెలోంచి బయల్దేరిన డొంక ఊళ్ళోకి రాదు, ఊరిని తప్పించుకుని చుట్టూ తిరిగి అవతల కాలవ గట్టెక్కుతుంది. బావి గుర్తులు ఊళ్ళో మూడున్నాయి, పల్లెలో ఒక్కటీ లేదు. శ్మశానాలు రెండు, వేర్వేరు నంబర్లు. ఆ వాడలో ఎనభై దాటిన పెద్దాయన ఒకాయన ఉన్నారు, చదువు రాదు. పటం ముందు పెట్టి ఇది కాలవ, ఇది గుడి అని చెప్పానో లేదో ఆ డొంక మీద వేలు పెట్టి “ఇదేనండీ మేం తిరిగెళ్ళే దోవ. మీ వీధిలోంచైతే అయిదు నిమిషాలే, పోనిచ్చేవోళ్ళు కాదుగా” అన్నారు. కోపంగా కూడా అనలేదు. నేను ఆ వీధిలోనే పుట్టి పెరిగాను. పల్లె దూరంగా ఉండేదని నాకు తెలుసు, డొంక అట్లా వంకర తిరగడానికి కారణం మా వీధేనని మాత్రం అరవై ఆరేళ్ళు వచ్చాక స్కేలు పట్టుకున్నప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఆ మధ్య ఖాళీ లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత కట్టిన కాలనీ, హైస్కూలు, వాటర్ ట్యాంకు, చర్చి అన్నీ ఆ నాలుగు నంబర్లలోనే వచ్చాయి. ఎవరూ పనిగట్టుకుని కలిపింది కాదు, ఇళ్ళు పోయినవాళ్ళకు ఇవ్వడానికి దొరికిన జాగా అది. శ్మశానాలు మాత్రం ఇప్పటికీ రెండే.

చెరువు సంగతి చెప్పాలి. పటంలో ఊరికి ఉత్తరాన మంచినీళ్ళ చెరువు నాలుగెకరాల చిల్లర. ఇప్పుడు ఒకటిన్నర ఉంటుందేమో. మిగతాది ఎటూ పోలేదు, పంచాయతీ ఆఫీసు, పశువుల ఆస్పత్రి, నాలుగు షాపుల కింద భద్రంగా ఉంది. దక్షిణం వైపు చూస్తే కథ తిరగబడింది. పులిగడ్డ దగ్గర అక్విడెక్టు మీదుగా కృష్ణ పాయ దాటి వచ్చే నీళ్ళతో వరి పండించిన మాగాణి నంబర్లన్నీ ఇప్పుడు రొయ్యల చెరువులే. ఫోన్లో శాటిలైట్ ఫోటో చూస్తే అద్దం ముక్కలు పరిచినట్టుంటుంది. చెరువును పూడ్చి నేల చేశాం, నేలను తవ్వి చెరువు చేశాం, రెండిటికీ మేమే. పటంలో ఆ మాగాణి మధ్యలో సన్నటి జంట గీతగా ఒక మురుగు కోడు ఉంది. ఇప్పుడు చాలాచోట్ల చెరువు గట్ల కింద కలిసిపోయింది. వాన పడితే దళితవాడ చివరి వీధిలో మోకాటి లోతు నీళ్ళెందుకు నిలుస్తున్నాయో కనిపెట్టడానికి ఇంజనీరు అక్కర్లేదు, ఆ జంట గీత ఎక్కడ తెగిందో చూస్తే చాలు. పైన చెప్పిన కుర్రాడితో కలిసి నేను నడిచింది ముఖ్యంగా ఆ గీత వెంటే.

ఇదంతా రెవెన్యూ పటం. శిస్తు కోసం గీసింది కాబట్టి శిస్తు కట్టేవాళ్ళకే అందులో చోటు. కాలవ గట్ల మీద గుడిసెలేసుకుని ఎలుకలు పట్టుకు బతికిన యానాదులు అందులో చుక్కంత కూడా లేరు. గ్రామకంఠంలో, అంటే ఇళ్ళున్న ఊరి నేలలో, ఎవరి ఇల్లు ఎక్కడో కూడా చెప్పదు, మొత్తం ఒకే నంబరుగా వదిలేస్తుంది. అందుకని ఒక్క పటం చూసి ‘ఊరు ఇదీ’ అనుకోకూడదు. బందరులో తెలిసిన లెక్చరరు ఒకాయన దగ్గర సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ అంగుళానికి మైలు పాత షీటు నకలు దొరికింది. దాన్ని పక్కన పెట్టుకున్నాక రెవెన్యూ పటంలో ఉత్త పోరంబోకుగా ఉన్నచోట గుడిసెల గుర్తులు కనపడ్డాయి. మడ అడవి ఎంత దూరం వచ్చేదో కనపడింది. బల్లకట్టు దాటే రేవులు కనపడ్డాయి, ఇప్పుడు పులిగడ్డ నుంచి పెనుమూడికి వంతెన మీద బస్సులో కునుకు తీస్తూ పోతున్నాం. ఇట్లాంటి షీట్లు చూసేవాళ్ళకు ఒక మాట. సర్వే చేసిన ఏడాది వేరు, అచ్చేసిన ఏడాది వేరు. రెండూ అంచున చిన్నక్షరాల్లో ఉంటాయి. అచ్చేసిన ఏడాది పట్టుకుని లెక్కలేస్తే మొదటికే మోసం, నేనూ మొదట అట్లాగే పొరబడ్డాను.

మా వైపు పేర్లు కూడా పటంతో కలిపి చదవాలి. లంక, దిబ్బ, తిప్ప, మొగ, ఇవన్నీ నేల ఎత్తు, నీటి దారి తెలిసినవాళ్ళు పెట్టిన పేర్లు. తాటిచెట్టంత ఎత్తున నీళ్ళొచ్చాయని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే ఆ ఉప్పెన రాత్రి, సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి తీరపు ఊళ్ళు ఎట్లా తుడిచిపెట్టుకుపోయాయో పెద్దవాళ్ళకు గుర్తే. మా ఊరి పటంలో ‘దిబ్బ చేను’ అని ఒకటుంది. ఇప్పుడు వెళ్ళి చూస్తే దిబ్బ లేదు, మట్టి తవ్వి రొయ్యల చెరువు గట్లకు తోలేశారు. ఆ రాత్రి ఆ దిబ్బ మీద నిలబడి బతికినవాళ్ళు ఇంకా నలుగురైదుగురున్నారు.

ఆసక్తి ఉన్నవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఆంధ్రలో ప్రభుత్వ మీభూమి సైట్లో గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం) చూడొచ్చు. పటం పక్కన చదవాల్సిన రిజిస్టరు రైత్వారీ ఊళ్ళకైతే (జమీందారు లేకుండా రైతులే నేరుగా సర్కారుకు శిస్తు కట్టినవి) డైగ్లాట్, ఎస్టేటు ఊళ్ళకైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. తెలంగాణ వాళ్ళకు సేత్వార్ (సర్వే నాటి భూమి రిజిస్టరు), టిప్పన్ (కొలతల చిత్తు పటం), 1954-55 ఖాస్రా పహాణీ (ఎవరి భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే రిజిస్టరు). అమెరికా సైన్యం 1950ల్లో అచ్చేసిన 1:2,50,000 పటాలు టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ వాళ్ళ సైట్లో ఉచితంగా ఉన్నాయి, మన ఊరు అందులో చుక్కే అనుకోండి. సర్వే ఆఫ్ ఇండియా ఇప్పటి పటాలను 2017 నుంచి ఉచితంగా దింపుకోనిస్తోంది. ఇంకా వెనక్కి పోవాలంటే మెకంజీ రాయించిన ఊళ్ళ వృత్తాంతాలు, కైఫీయతులు, ఉండనే ఉన్నాయి. 1815లో దేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయినాయన పటాలు గీయించి ఊరుకోలేదు, కావలి సోదరుల లాంటి మనవాళ్ళను పెట్టుకుని ఊరూరా చెరువులు, గుళ్ళు, మాన్యాల కథలు కూడా రాయించి పెట్టాడు. గీత ఒక్కటే చాలదని ఆయనకు రెండు వందల ఏళ్ళ కిందటే తెలుసన్నమాట.

అధికారులను నేను కోరేది ఖర్చుతో కూడిన పనేం కాదు. రీసర్వే అయిన ప్రతి ఊరికీ సంబంధించి పాత గ్రామ పటం అసలు కాపీని, జిరాక్సుకు జిరాక్సు కాదు, అసలుదాన్ని మంచి స్కానరు మీద పెట్టి తీయించండి. ఒకటి పంచాయతీ ఆఫీసు గోడకు, ఒకటి బడికి ఇవ్వండి. సోషల్ మాస్టారు ఎనిమిదో తరగతి పిల్లల్ని ఒక శనివారం ఆ పటంతో ఊరి చుట్టూ తిప్పితే చాలు, మిగతాది ముసలివాళ్ళు చెబుతారు. 1984లో కరణాల పదవులు రద్దయినప్పుడు చాలా ఊళ్ళ కాగితాలు ఎవరి అటకల మీద పడ్డాయో, ఎన్ని చెదలు తిన్నాయో మనకు తెలియంది కాదు. మళ్ళీ అదే జరగక్కర్లేదు కదా. అడిగినవాణ్ణి ‘ఏం కేసు’ అనకుండా ఇస్తే మరీ మంచిది.

ఇంకొక్క విషయం, ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం కూడా ఇదే. ఆ పాత షీటులో మా ఊరికి దక్షిణాన, ఉప్పునీటి కోడు ఒడ్డున, గుడిసెల గుర్తులు ఒకచోట పదకొండు ఉన్నాయి. పక్కన పేరు లేదు. చేపలు పట్టేవాళ్ళ పాలెం అయి ఉంటుందని మా ఊళ్ళో అంటారు, ఉప్పెన తర్వాత మిగిలినవాళ్ళు రేపల్లె వైపు వెళ్ళిపోయారని కొందరు, కాదు బందరని కొందరు. పేర్లు చెప్పగలిగినవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. దివిసీమ తీరం నుంచి అప్పట్లో అట్లా వలస వెళ్ళినవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఎవరైనా ఇది చదివితే, తమ పాలెం ఎక్కడుండేదో, దాన్ని ఏమని పిలిచేవాళ్ళో మీ పత్రికకు ఒక కార్డు రాయమని మనవి. నా ఫోన్ నంబరు మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను. పటం తీసుకుని నేనే వాళ్ళ దగ్గరకు వెళ్తాను.

– ఒక పాఠకుడు,
కోడూరు మండలం, కృష్ణా జిల్లా