ట్రాన్స్‌ఫార్మర్ మూల బాగుపడింది, అందరికీ థ్యాంక్స్

బెంగళూరు మున్నేకొళాలలో మా వీధి తెలిసినవాళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ మూల గురించి చెప్పక్కర్లేదు. చెత్త కంపుకి ముక్కు మూసుకుని అటువైపు నుంచి నడిచేవాళ్లం. ఇప్పుడక్కడ బెంచీ ఉంది, సాయంత్రాలు పెద్దవాళ్లు కూర్చుంటున్నారు. నాలుగు నెలలైనా ఆ మూల మళ్లీ పాడవలేదు. ఎవరేం చేశారో అసోసియేషన్ తరఫున చెప్పుకోకపోతే తప్పవుతుంది.

ముందు మా తెలివి సంగతి. మొదటిసారి పదిహేను మందిమి చేరి చెత్త ఎత్తించి, గోడకి రంగులేసి, ముగ్గు పెట్టాం. ముగ్గు మీద ఎవరూ చెత్త వెయ్యరని బెంగళూరులో పాత చిట్కా. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఐదో రోజుకి ముగ్గు మీదే సంచులు పడ్డాయి.

అసలు కిటుకు చెప్పింది మా వీధి ఊడ్చే పౌరకార్మిక అక్క. వాళ్ల పెద్దలది మడకశిర వైపు. ఈ ఊళ్లో పౌరకార్మికులు చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా మూడేళ్లలో నేను ఆవిడతో నోరు విప్పింది అదే మొదటిసారి, సిగ్గుగానే ఉంది. "ముగ్గు బాగుంది గానీ సార్, వాళ్లు పారేసేది రాత్రి పదకొండు దాటినాక. చీకట్లో ముగ్గు ఎవురికి కనిపిస్తాది?" అంది. చెత్త ఆటో వచ్చేది ఎనిమిదిన్నరకి. పీజీ హాస్టళ్లలో కుర్రాళ్లు అప్పటికే ఆఫీసులకి వెళ్లిపోతారు, నైట్ షిఫ్టు వాళ్లు నిద్రలో ఉంటారు. మరి సంచి ఎక్కడ పెట్టాలి?

మూడు పీజీల ఓనర్లు గేటు లోపలే తడికి, పొడికి వేరువేరు డ్రమ్ములు పెట్టించారు. మొదట్లో ఒకాయన ససేమిరా అన్నారు, ఇప్పుడు అందరికంటే శుభ్రంగా ఉండేది ఆయన గేటే. తడి, పొడి, రిజెక్ట్ (డైపర్లలాంటివి) విడదీసి ఇవ్వాలని కర్ణాటక హైకోర్టు చెప్పింది 2015లో. మా వీధిలో మొదలైంది మొన్న.

పొడి చెత్త కేంద్రం నుంచి వచ్చి మా అందరికీ క్లాసు పీకిన అమ్మకి ప్రత్యేకంగా దండం. ఒకప్పుడు వీధుల్లో కాగితాలు ఏరుకున్న మనిషి. పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని, మూల మొత్తం కత్తిరించకుండా చిన్న గాటు పెట్టి చూపించింది. మూల కత్తిరిస్తే తెగిపడే చిన్న ముక్కని ఎవరూ ఏరలేరట, నేరుగా మట్టిలోకే పోతుందట. మా ఇంట్లో ఇప్పుడు కడిగిన ప్యాకెట్లు సింకు పైన బట్టల్లా ఆరుతుంటాయి.

బెంచీ, ఆకులు మగ్గేసే రెండు ఇనుప జాలీలు పక్కనున్న కంపెనీ వాళ్ల సీఎస్‌ఆర్ డబ్బుతో వచ్చాయి. పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం ఇలాంటి సామాజిక పనులకి పెట్టాలని చట్టమే ఉందిలెండి, కానీ మా మూలని ఎంచుకున్నందుకు సంతోషం. బోర్డు మాత్రం గోడంత అడిగారు. బేరమాడితే పలకంత దగ్గర ఆగారు, అందుకు ఇంకో థ్యాంక్స్. మార్చిలో రాలిన కానుగాకు ఈసారి ఎవరూ తగలబెట్టలేదు, మొత్తం ఆ జాలీల్లోకే వెళ్లింది.

ఈ ఆదివారం ఉదయం ఏడున్నరకి మొదటి ఎరువు జల్లెడ పడుతున్నాం. బకెట్లు తెచ్చుకోండి. మొదటి బకెట్ మాత్రం అడక్కండి, అది అక్కది. ఇంటి ముందు డబ్బాల్లో కనకాంబరాలు పెంచుతోందట.