క్యాంపస్ క్రెష్ తల్లిదండ్రుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. జనరల్ బాడీ మీటింగ్‌లో కార్యదర్శి నివేదిక చదివి తీరాలని మన నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను. మీటింగ్‌కి వచ్చేది ఎప్పుడూ ఆ కొద్దిమందే కాబట్టి, మిగతావాళ్లు కనీసం ఫోన్‌లో చదువుతారని గ్రూపులో కూడా పెడుతున్నాను.

ముందు అసలు సంగతి. మన యూనివర్సిటీ క్యాంపస్‌లో పసిపిల్లలను పగలు చూసుకునే క్రెష్ మూతపడలేదు, ఏజెన్సీ చేతికీ పోలేదు, పాత ఆయాలు అలాగే ఉన్నారు. ఈ ఏడాది మన శక్తంతా దీనికే పోయింది.

వేసవి సెలవుల ముందు, క్రెష్ నిర్వహణకు టెండర్ పిలవబోతున్నారని తెలిసింది. పరిపాలన వాళ్లు మనకు ఒక్క ముక్క చెప్పలేదు, ఫైలు చూసిన ఒక సభ్యురాలు చెబితేనే తెలిసింది. టెండర్ సంగతి తెలిసిందే కదా, ఎవరు తక్కువకు కోట్ చేస్తే పని వాళ్లది. క్రెష్‌లో ఖర్చంటే ముఖ్యంగా జీతాలే. తక్కువ కోట్ అంటే ఆయాలను తగ్గించడమో జీతం కోయడమో, ఆ జీతానికి వచ్చినవాళ్లు కాస్త మంచి పని దొరగ్గానే వెళ్లిపోవడమో. తోటమాలి మారితే మొక్కకు తెలియదు, ఏడాది బిడ్డకు మాత్రం ఆయా మారితే వెంటనే తెలుస్తుంది, అన్నం ముట్టదు, నిద్రపోదు, సాయంత్రం తల్లిని వదలదు. మంచి క్రెష్ అంటే గోడల మీద జిరాఫీ బొమ్మలు కాదు, పొద్దున మన బిడ్డను ఎత్తుకునే చేతులు రోజూ అవే కావడం. దీన్ని ఆఫీసు భాషలో చెప్పడానికే మాకు నెలలు పట్టింది.

అందుకని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో ఇచ్చిన క్రెష్ మార్గదర్శకాలు ప్రింట్ తీసి పట్టుకెళ్లాం. మూడేళ్ల లోపు పిల్లలైతే పది మందికి ఒక శిక్షణ పొందిన ఆయా, పెద్ద పిల్లలైతే ఇరవై మందికి ఒకరు, వాళ్లకు తోడు హెల్పర్ ఉండాలని అందులో ఉంది. ఈ లెక్క టెండర్ షరతుల్లో రాయండి, అప్పుడు ఎవరు ఎంతకు కోట్ చేస్తారో చూద్దాం అన్నాం. జవాబు రాలేదు. ఫైలు మాత్రం ఆగింది. రద్దయిందని ఎవరూ అనుకోవద్దు, ఆగింది, అంతే.

రెండో గొడవ సీట్లది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017 ప్రసూతి ప్రయోజన చట్ట సవరణలో రాశారు. ఇక్కడే మెలిక పెట్టారు. పరిశోధక విద్యార్థులు ఉద్యోగులు కారు కాబట్టి వాళ్ల పిల్లలకు హక్కు లేదట. మరి పీహెచ్‌డీ చేసే మహిళలకు 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వొచ్చని 2016 నిబంధనల్లో రాసింది యూజీసీయే కదా. ఆ సెలవు అయ్యేసరికి బిడ్డకు ఎనిమిది నెలలు కూడా నిండవు. ఆ తర్వాత ల్యాబ్‌కి ఎలా రావాలి? నెట్ పరీక్ష పాసవకుండా పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 రూపాయలు, ఈ సిటీలో బయట ఓ మాదిరి డేకేర్‌లో రోజంతా ఉంచితే ఆ డబ్బు దానికే సరిపోదు. చివరికి పరిశోధకుల పిల్లలను తీసుకోవడానికి నోటిమాటగా ఒప్పుకున్నారు, కాగితం ఇంకా రావాలి. హాస్టల్ మెస్‌లో, పారిశుధ్యంలో పనిచేసే కాంట్రాక్టు అక్కల పిల్లల విషయంలో మాత్రం ఏమీ సాధించలేకపోయాం. యూనివర్సిటీని అడిగితే కాంట్రాక్టర్ అంటుంది, కాంట్రాక్టర్‌ని అడిగితే నవ్వుతాడు.

ఒక్క మాట పక్కకు వెళ్లి చెబుతాను. యూనివర్సిటీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్‌కి పంపే నివేదికలో చిన్నపిల్లల డేకేర్ ఉందా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్నకు ‘ఉంది’ అని రాసేటప్పుడు ఎవరికీ బడ్జెట్ గుర్తుకు రాదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది జోలపాటల సాయంత్రం. బతుకమ్మ సెలవులు అయ్యాక క్రెష్ వరండాలో చాపలు పరిచి, ఎవరింటి జోల వాళ్లు పాడమన్నాం. తెలుగు, ఉర్దూ, మలయాళం, ఒడియా, బెంగాలీ, ఇంకా కొన్ని భాషలు. ఒక ప్రొఫెసర్ గారు మైక్ పట్టుకుని రెండో చరణం మర్చిపోతే, వెనక కూర్చున్న ఆయన అత్తగారు అందుకున్నారు. లైబ్రరీ బ్లాక్ ఊడ్చే పాలమూరు అక్క ఒకావిడ, పేరు రాయొద్దన్నారు, మైక్ వద్దని కూర్చున్నచోటే పాడారు, ఆ పాటలో వలస కూడా ఉంది, వాన కూడా ఉంది. ఒళ్లోవాళ్లు నిజంగానే నిద్రపోయారు. సీటు దక్కనిది ఆవిడ మనవరాలికే అని అక్కడున్న అధికారికి మా అధ్యక్షురాలు మెల్లగా చెప్పారు. ఆయన తల ఊపారు. తల ఊపడం మినిట్స్‌లోకి ఎక్కదు.

కృతజ్ఞతలు. ముందుగా ఆయాలకు, ఏప్రిల్ ఎండల్లో పాడైన కూలర్‌తోనే నెట్టుకొచ్చినందుకు. పిల్లలకు చెయ్యి-కాలు-నోటి వైరస్ వచ్చినప్పుడు ఆదివారం కూడా ఫోన్ ఎత్తిన హెల్త్ సెంటర్ డాక్టరు గారికి, న్యాయ సలహా ఉచితంగా ఇచ్చిన లా విభాగం మేడమ్‌కు, చాపలు, మైక్ ఇచ్చిన హాస్టల్ విద్యార్థులకు, టీ ఇచ్చి డబ్బు తీసుకోని క్యాంటీన్ అన్నకు, ఉగాదికి పిల్లలందరికీ పచ్చడి చేసి తెచ్చిన అమ్మమ్మలకు.

శ్రమదానం గురించి రాయకుండా ఉందామనుకున్నాను గానీ రాస్తాను. వానాకాలం ముందు ఆవరణ శుభ్రం చేద్దాం, నీళ్లు నిలిస్తే దోమలు, డెంగీ అని గ్రూపులో పెడితే బొటనవేళ్ల వరద. శనివారం పొద్దున పార వెతుక్కుంటూ వచ్చింది నలుగురే. అందులో ఇద్దరికి పిల్లలు కూడా లేరు. పిల్లలకు మూడేళ్లు నిండి స్కూల్లో పడగానే గ్రూపు నుంచి మాయమయ్యేవాళ్లకు నేను చెప్పేదేం లేదు, వాళ్లు ఎలాగూ ఇది చదవరు.

లెక్కలు: రాబడి సభ్యత్వ రుసుము, కొన్ని విరాళాలు. ఖర్చు ఆటబొమ్మలు, ప్రింటింగ్, మందుల పెట్టె, జోలపాటల రోజు ఫలహారాలు. మిగులు కొంచెమే. కోశాధికారి గారి పట్టీ విడిగా పంపాం, ఆడిట్ అయింది, ప్రశ్నలుంటే మీటింగ్‌లో ఆయన్నే అడగండి.

ఈ మీటింగ్‌లో తేల్చాల్సినవి రెండు. పరిశోధకుల సీట్ల గురించి రాతపూర్వక ఉత్తర్వు కోరే వినతిపత్రం మీద అందరి సంతకాలు కావాలి, ఉద్యోగుల సంతకాలు మరీ ముఖ్యం, ఎందుకంటే వాళ్లవే లెక్కలోకి తీసుకుంటామని పరిపాలన వాళ్లు చెప్పకనే చెప్పారు. రెండోది, క్రెష్ సలహా కమిటీలో మన తరఫున ఇద్దరు కావాలి. పగలు పదకొండు గంటలకు మీటింగ్ పెడితే క్లాసు సర్దుకుని రాగలిగినవాళ్లే పేరు ఇవ్వండి.

– కార్యదర్శి