బెజవాడ ఎండకి తట్టుకునే ఫోన్ ఎప్పుడు చేస్తారు?

ఎడిటర్ గారికి,

నేను గవర్నర్‌పేటలో ఫోన్లు రిపేర్ చేస్తాను. కంపెనీలు ఏటా కొత్త మోడల్ దించుతున్నాయి, ఇన్ని మెగాపిక్సెళ్లు, ఇన్ని వాట్ల చార్జింగ్ అని పేపర్ నిండా ప్రకటనలు ఇస్తున్నాయి. ఎండాకాలం వస్తే మాత్రం నా బల్ల మీదకి వచ్చేవి ఎప్పుడూ అవే, ఉబ్బిన బ్యాటరీ, పైకి లేచిన బ్యాక్ ప్యానెల్. తెచ్చేది ఎక్కువగా కాలేజీ పిల్లలు. "చార్జింగ్ పెట్టి గేమ్ ఆడానన్నా" అంటారు.

వాళ్లని తిట్టి ఏం లాభం? తన ఫోన్లని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ కంపెనీయే చెబుతోంది. మే నెలలో మనకి 35 పొద్దున్నే దాటిపోతుంది. బయటి వేడి, చార్జింగ్ వేడి, గేమ్ ఆడితే ప్రాసెసర్ వేడి మూడూ కలిసి బ్యాటరీ మీద పడతాయి, వేడి మరీ ఎక్కువైతే ఫోన్ తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటుంది, గేమ్ ఆగి ఆగి నడుస్తుంది, ఇక కొత్త ఫోన్ కొనమని ఇంట్లో గొడవ మొదలు.

యాక్సెసరీల షాపుల్లో ఏం అమ్ముతున్నారో ఒకసారి చూడండి. ఫోన్ వెనక క్లిప్‌తో తగిలించే కూలింగ్ ఫ్యాన్లు, గేమ్‌లో నొక్కడానికి పై అంచుకి బిగించే ట్రిగ్గర్ బటన్లు, చెమటకి వేలు జారకుండా బొటనవేళ్లకి తొడుక్కునే గుడ్డ తొడుగులు. ఫోన్‌లో ఏం లేదో అవే చెబుతున్నాయి. కంపెనీ ఇంజినీర్లు మే నెలలో ఒక పూట ఆ షాపు ముందు నిలబడితే చాలు, ఏం చెయ్యాలో వాళ్లకే తెలుస్తుంది.

ఖరీదైన చిప్ పెడితేనే కొత్తదనం అనుకోనక్కర్లేదు. 1989లో జపాన్ కంపెనీ నింటెండో చేత్తో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్ గేమ్‌బాయ్ తెచ్చినప్పుడు దాని తెరకి రంగుల్లేవు, వెలుగు లేదు. పోటీకొచ్చిన అటారీ లింక్స్, సెగా గేమ్ గేర్ రంగుల తెరతో వచ్చి ఆరేసి పెన్సిల్ సెల్స్‌ని కొన్ని గంటల్లో తాగేసేవి. గేమ్‌బాయ్ నాలుగు సెల్స్‌తోనే పది గంటలు దాటి నడిచేది. బాగా చవకై, అందరికీ తెలిసిపోయిన టెక్నాలజీనే కొత్తగా వాడాలన్నది దాని వెనకున్న ఇంజినీర్ గున్‌పేయ్ యోకోయ్ పద్ధతి. తర్వాతి కలర్ మోడల్‌తో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

ఫోన్‌నీ గేమ్‌నీ కలపాలని నోకియా 2003లోనే ఎన్‌గేజ్ తెచ్చింది. కానీ గేమ్ కార్డు మార్చాలంటే బ్యాటరీ తీయాలి, మాట్లాడాలంటే ఫోన్ అంచుని చెవికి ఆనించాలి. ఎవరు కొంటారు? 2011లో సోనీ ఎరిక్సన్ వాళ్ల ఎక్స్‌పీరియా ప్లే ఫోన్‌లో తెర కింద నుంచి గేమ్ బటన్లు జారి బయటికి వచ్చేవి. నాకు ఇప్పటికీ అదే సరైన దారి అనిపిస్తుంది, ఎందుకు వదిలేశారో అర్థం కాదు. స్టీమ్ డెక్ లాంటి చేతి గేమ్ మెషీన్లు లోపల ఫ్యాన్‌తో వస్తున్నాయి గానీ నా దగ్గరికి వచ్చే పిల్లల ఇళ్లలో ఆ ధర పెట్టలేరు.

ఇక బ్యాటరీ. ఈ రోజుల్లో గమ్‌తో అతికించేస్తున్నారు. ఉబ్బినదాన్ని సన్నటి ప్లాస్టిక్ ఓపెనర్‌తో కొంచెం కొంచెంగా లేపాలి, చెయ్యి కాస్త గట్టిగా పడి చిల్లు పడిందా, మంటే. నాకే టెన్షన్‌గా ఉంటుంది. వాడేవాళ్లే బ్యాటరీ మార్చుకునేలా ఉండాలని యూరప్‌లో కొన్ని మినహాయింపులతో చట్టం చేశారు, 2027 ఫిబ్రవరి నుంచి అమలు. మన దగ్గర ఎందుకు అడగకూడదు? 2015 నుంచి మన శ్రీసిటీలో ఫోన్లు తయారవుతున్నాయి. ఇక్కడ బిగించే ఫోన్ ఇక్కడి ఎండకి తట్టుకోవాలి కదా.

గేమ్స్ ఆడే పిల్లల కోసం ఇంత బాధ ఎందుకని పెద్దవాళ్లు అనొచ్చు. ఫుడ్ డెలివరీ కుర్రాడి ఫోన్ కూడా మిట్టమధ్యాహ్నం బండి హ్యాండిల్ మీద మ్యాప్ చూపిస్తూ ఇలాగే కాలిపోతుంది. అది ఆగితే ఆ పూట వాడి సంపాదన ఆగినట్టే.

మీకో విన్నపం. కొత్త ఫోన్ గురించి రాసేటప్పుడు కెమెరాతో ఆపకండి. ఎండాకాలంలో ఏసీ లేని గదిలో అరగంట గేమ్ ఆడి చూసి ఎంత వేడెక్కిందో, ఎప్పుడు స్పీడ్ తగ్గిందో, బ్యాటరీ మార్చాలంటే ఎంతవుతుందో కూడా రాయండి.

– ఒక మొబైల్ మెకానిక్,
గవర్నర్‌పేట, విజయవాడ