రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజిన్‌ని మొదట్లో జాగ్రత్తగా నడిపే దశ) అయ్యాక రెడ్‌లైన్ (ఆర్‌పీఎం మీటర్‌లో ఎర్ర గీత) దాకా తిప్పితే అది మిస్‌యూజ్ ఎలా అవుతుంది? వారంటీ రిజెక్ట్ చేసినందుకు ఫిర్యాదు

కస్టమర్ కేర్ హెడ్ గారికి, వారంటీ టీమ్ వాళ్ళకి కూడా,

నమస్తే అండి. మీరు స్పోర్ట్ వేరియంట్ అని అమ్మే టర్బో పెట్రోల్ మాన్యువల్ కారు కొత్తది తీసుకున్నా, ఇప్పుడది ఆయిల్ తాగేస్తోంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేర్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలేసి కింద మలుపు దగ్గర మళ్ళీ తొక్కితే వెనకాల నీలం పొగ (ఆయిల్ మండుతోందని గుర్తు) గుప్పున వస్తోంది, అద్దంలో క్లియర్‌గా కనిపిస్తోంది, వీడియో కూడా అటాచ్ చేశా. వర్క్‌షాప్‌లో ఇస్తే మీ సర్వీస్ అడ్వైజర్ గారు జాబ్ కార్డ్ మీద 'కస్టమర్ రాష్ డ్రైవింగ్, వారంటీ వర్తించదు' అని ఒక్క లైన్ గీకి చేతులు దులుపుకున్నారు. టెస్ట్ లేదు, స్కానర్ పెట్టింది లేదు, కనీసం ప్లగ్గులు విప్పి చూసింది లేదు. ఆ ఒక్క లైన్ గురించే ఈ లెటర్.

ముందు మీ మాన్యువల్ సంగతి చూద్దాం. రన్నింగ్-ఇన్ పేజీలో మీరే రాశారు, మొదటి 1500 కిలోమీటర్లు 4000 ఆర్‌పీఎం దాటొద్దు, ఫుల్ త్రాటిల్ ఇవ్వొద్దు, చాలాసేపు ఒకే స్పీడ్‌లో పోవద్దు, ఆ తర్వాత మెల్లగా పెంచుకుంటూ ఫుల్ ఇంజిన్ స్పీడ్ దాకా వాడుకోవచ్చు అని. నేను అచ్చం అలాగే చేశా. క్రూజ్ కంట్రోల్ జోలికే పోలేదు, హైవే ఎక్కితే వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నా 70కి దింపుతూ 100కి ఎక్కిస్తూ పోయా, పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు 'స్థిరంగా తోలడం రాదా నీకు' అని తిట్టారు కూడా. అయినా సరే, ఎందుకంటే దాని వెనక కారణం ఏంటో నాకు తెలుసు. కొత్త సిలిండర్ గోడల మీద అడ్డదిడ్డంగా సన్నటి హోనింగ్ గీతలు ఉంటాయి, పిస్టన్ రింగులు (పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపేవి) ఆ గీతల మీద కొంచెం కొంచెం అరిగి సీట్ అవ్వాలి, అంటే గోడకి సరిగ్గా అమరాలి, రింగుని గోడకి నొక్కేది ఎక్కువగా దాని వెనక చేరే గ్యాస్ ప్రెషరే కాబట్టి ఇంజిన్‌కి కొంత లోడ్ పడాలి, ఆ లోడ్ మారుతూ ఉండాలి. మరీ మెత్తగా నడిపితే గీతలు నునుపు తేలిపోయి గ్లేజ్ పడుతుంది, రింగులు సీట్ అవ్వవు, అప్పుడూ ఆయిల్ తాగుతుంది. అంటే కొత్త బండి ఆయిల్ తాగుతోందంటే గట్టిగా తోలారనే అర్థం అని తేల్చేయడం అసలు ఇంజిన్ తెలిసినవాళ్ళు అనే మాట కాదు.

రన్నింగ్-ఇన్ అయిపోయాక గట్టిగా నడిపానా? నడిపా. అందుకే కదా ఆ వేరియంట్ కొన్నది, లేకపోతే మీ మామూలు మోడల్ తక్కువకే వచ్చేది. రెడ్‌లైన్ గీసింది మీరు, స్పోర్ట్ బటన్ పెట్టింది మీరు, లాంచ్ కంట్రోల్ (ఆగి ఉన్న కారుని ఒక్కసారిగా దూకించే మోడ్) ఎలా వాడాలో మాన్యువల్‌లో బొమ్మలేసి మరీ చూపించింది మీరు. పరిగెత్తే గుర్రం అని అమ్మి తీరా పరిగెత్తిస్తే ఎందుకు పరిగెత్తించావ్ అన్నట్టుంది మీ వ్యవహారం.

చల్లటి ఇంజిన్‌ని మాత్రం ఎప్పుడూ హింసించలేదు. కూలంట్ టెంపరేచర్ ముల్లు మధ్యకి రాగానే చాలామంది అయిపోయింది అనుకుంటారు కానీ ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైమ్ పడుతుంది. ఈ కారులో ఆయిల్ టెంపరేచర్ చూపించే మీటరే ఇవ్వలేదు మీరు (స్పోర్ట్ అని బ్యాడ్జీ వేసి, ఎర్ర కుట్లు వేసి, అసలు కావాల్సింది మర్చిపోయారు, అది ఇంకో గొడవ), అందుకే అందాజాగా ముల్లు నిలబడ్డాక కూడా ఇంకాసేపు ఆగి అప్పుడు తొక్కేవాణ్ణి. గట్టిగా నడిపాక కూడా టర్బో మంట మీద ఉండగానే ఇంజిన్ ఆపకుండా చివరి కొంత దూరం నెమ్మదిగా వచ్చేవాణ్ణి.

ఇంకోటి, రెడ్‌లైన్ దాకా వెళ్ళడం వేరు, ఓవర్‌రెవ్ (ఆ గీత దాటి ఇంజిన్ తిరిగిపోవడం) వేరు. యాక్సిలరేటర్ తొక్కి ఎంత పైకి తీసుకెళ్ళినా మీ లిమిటరే ఫ్యూయల్ కట్ చేసి ఆపుతుంది, దాటనివ్వదు. లిమిటర్ ఆపలేనిది ఒక్కటే, స్పీడ్‌లో ఉండగా పొరపాటున కింది గేర్ వేసి క్లచ్ వదిలేయడం, అప్పుడు చక్రాలే ఇంజిన్‌ని తిప్పేస్తాయి. అలా జరిగిందని మీ డౌట్ అయితే ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) రికార్డ్ ఉంటే తీసి చూపించండి, నేను పక్కనే నిలబడి చూస్తా. చూడకుండానే రాష్ డ్రైవింగ్ అని రాయడానికి అడ్వైజర్ గారు నా పక్క సీట్లో ఏమైనా కూర్చున్నారా?

ఆయన ఇచ్చిన సలహా ఇంకా బాగుంది. 'ఇకనుంచి 2000 లోపే పై గేర్ వేసేయండి సార్, ఇంజిన్‌కి మంచిది' అట. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌ని తక్కువ ఆర్‌పీఎంలో పై గేర్‌లో పెట్టి ఫుల్‌గా తొక్కితే స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంటుంది, దాంతో పిస్టన్లే పగలొచ్చు. దీనికోసమే ఆయిల్ స్టాండర్డ్ కూడా మార్చారు, 2018లో ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గ్రేడ్ ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ వచ్చింది ఈ సమస్యకి టెస్ట్ పెట్టే కదా. మీ సొంత ఇంజిన్ గురించి మీ కౌంటర్‌లో ఉన్న మనిషికి ఈ మాత్రం చెప్పుకోరా మీరు? అన్నట్టు నా బిల్లులో టాప్-అప్ ఆయిల్ అని ఉంది గానీ ఏ గ్రేడ్ పోశారో రాయలేదు, అది కూడా రాసివ్వండి.

అసలు నాకు బాగా మండింది ఏంటంటే, అదే రోజు అదే కౌంటర్‌లో ఆయనే '1000 కిలోమీటర్లకి 1 లీటరు దాకా తాగడం నార్మలే సార్, కంపెనీ లిమిట్ అదే' అన్నారు. నార్మల్ అయితే రాష్ డ్రైవింగ్ వల్ల పాడైందని ఎందుకు రాశారు? పాడైతే నార్మల్ అని ఎందుకు అంటున్నారు? రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకోండి. బీఎమ్‌డబ్ల్యూ ఎమ్ కార్లకైతే 2000 కిలోమీటర్లకి రన్నింగ్-ఇన్ సర్వీస్ పెట్టి ఇంజిన్ ఆయిల్, డిఫరెన్షియల్ (చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కూడా మారుస్తారు, మీరేమో మొదటి ఆయిల్‌తోనే 10000 దాకా నడపమంటారు, పైగా తప్పు నడిపేవాడిది.

నాకు కావాల్సింది పెద్దగా ఏం లేదు. ఒక్కో సిలిండర్‌కి కంప్రెషన్, లీక్-డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత, ఎక్కణ్ణుంచి లీక్ అవుతోందో చూసేది) నా ముందు చేయండి. గాలి ఎక్కించినప్పుడు ఆయిల్ పోసే మూత దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, అదేం రాకెట్ సైన్స్ కాదు. లీక్-డౌన్ బాగానే వస్తే వాల్వ్ సీల్స్ (వాల్వు కాడల వెంట ఆయిల్ కిందకి జారకుండా ఆపేవి), టర్బో సీల్ చూడండి, దిగేటప్పుడు వదిలి తొక్కితేనే పొగ వస్తోంది కాబట్టి నా అనుమానం వాల్వ్ సీల్స్ మీదే. నంబర్లు, ఈసీయూ రిపోర్ట్ కాపీ రాతపూర్వకంగా కావాలి, నోటిమాటలు వద్దు. జాబ్ కార్డ్ మీద ఆ లైన్ కొట్టేసి సంతకం పెట్టి ఇవ్వండి, లేదా మాన్యువల్‌లో ఏ పేజీ ప్రకారం నేను తప్పు చేశానో ఆ పేజీ నంబర్ వేయండి. ఇదేదీ లేకుండా మళ్ళీ 'మీ కంప్లైంట్ క్లోజ్ చేయబడింది' అని మెసేజ్ వస్తే నేరుగా కన్స్యూమర్ కమిషన్‌కే, ఈ కాగితాలన్నీ ఫైల్ చేసే పెట్టుకున్నా.

కారు ఇంకా మీ వర్క్‌షాప్‌లోనే ఉంది. నేను వచ్చేదాకా ఆయిల్ మార్చకండి, ఈసీయూ మెమరీ క్లియర్ చేయకండి, డిప్‌స్టిక్ మీద లెవెల్ ఎక్కడుందో అప్పగించే ముందే ఫోటో తీసుకున్నా.

ఇట్లు,
మీ స్పోర్ట్ వేరియంట్ ఓనర్