ఉలవపాడు మామిడిపళ్ల పందెం తేలింది

కావలి,
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, కోప్పడకురా. అమ్మ మోకాలు నయం. చెల్లెలు కాన్పుకి వచ్చింది. అవన్నీ తర్వాత. మన పందెం తేలింది!

ఏడో తరగతిలో కాలవ గట్టు మీద కాసుకున్నాం చూడు, ఉలవపాడు బంగినపల్లి గంపెడు? వెలుతురు వంగదని నువ్వు, వంగుతుందని నేను. మళ్లీ కాకిలెక్క అనకు, పూర్తిగా విను.

మొన్న సైడుకాలవ తవ్వుతూ జేసీబీ నెట్ కేబుల్ తెంపేసింది. జాయింటు కొట్టే కుర్రాడు మా అరుగు మీదే కూర్చున్నాడు. రంగు దారాల్లాంటివి తీసి, తొక్క ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, కొస టిక్కుమని నరికాడు. లోపల గాజురా! వెంట్రుకంత. రెండు కొసలూ మిషన్లో పెడితే తెర మీద స్తంభాల్లా కనపడ్డాయి. చిటుక్కున ఒక మెరుపు, కరిగి ఒకటైపోయాయి. అతుకు ఎక్కడుందో ఎంత వెతికినా కనపడలేదు.

ఇందులో వెలుతురు ఎట్టా వంగుతుందని అడిగా. "వంగదు సార్, గోడలకు తగులుకుంటా పోద్ది" అన్నాడు. నడిమధ్య 9 మైక్రాన్ల గాజు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), దాని చుట్టూ వక్రీభవన గుణకం, అంటే వెలుతురు వేగాన్ని ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె, కాస్త తక్కువున్న గాజు. బాగా ఏటవాలుగా తగిలిన వెలుతురు ఆ సరిహద్దు దాటలేక లోపలికే తిరిగొస్తుంది. సంపూర్ణాంతర పరావర్తనం, మనం గోడకుర్చీ వేసి మరీ బట్టీపట్టిందే! ఆ గాజు పోగుని, అదే ఫైబర్‌ని, పెన్సిలుకి బిగించి చుట్టగానే వెలుతురు కొలిచే మీటర్లో అంకె పడిపోయింది. మరీ వంచితే బయటికి కారిపోతుందట. కొసలోకి చూడబోతే నన్ను వెనక్కి లాగాడు. అది పరారుణ కాంతి, కనపడకుండానే కన్ను చెడగొడుతుంది. నెట్‌లో పోయే కబుర్లన్నీ ఆ వెలుతురు మిణుకులే: వెలిగితే ఒకటి, ఆరితే సున్నా, సెకనుకు వంద కోట్లకు పైగా! ఆ వెలుతురు నెల్లూరు నుంచి మద్రాసు పోవడానికి సెకనులో వెయ్యోవంతు చాలు.

రాత్రి నిద్రపడితేగా! కూర్చుని చదివా. 1960లలో మంచి గాజులో కూడా 20 మీటర్లు పోతే నూటికి ఒక వంతు వెలుతురే మిగిలేది. తప్పు గాజుది కాదు, అందులోని మలినాలదని 1966లో చార్లెస్ కావో అనే శాస్త్రవేత్త చెప్పాడు. ఇప్పుడు 15 కిలోమీటర్లు పోయినా సగం ఉంటుంది. ఆయనకు నోబెల్ 2009లో వచ్చింది. నలభై మూడేళ్లురా, తలుచుకుంటే...

పొద్దున మేనకోడలితో సీసాకి చిల్లు పెట్టించి, నీళ్లు పోసి, వెనక నుంచి లేజర్ లైటు కొట్టా. నీటిధార వంగిన దారినే ఎర్రటి వెలుతురు జారి దాని అరచేతిలో పడింది. పిల్ల గుప్పిట మూసేసింది!

కాబట్టి నువ్వూ గెలిచావు, నేనూ గెలిచాను. గంపలో సగం నీది. పోస్టు డబ్బా తీసే టైమైంది, పరిగెత్తాలి. ఈసారి నీళ్లలో ఒక్క పాలచుక్క వేస్తే ధార మొత్తం వెలుగుతుందేమో చూస్తా!