హార్మోనికా మోగేదాకా ఆగు

చి. చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ అనే కౌబాయ్ సినిమా పది నిమిషాలు చూసి ఆపేశానన్నావు. చూసినవాళ్లంతా విజువల్స్ అద్భుతం, మ్యూజిక్ అద్భుతం అంటారు, తీరా పెట్టి చూస్తే ముగ్గురు మనుషులు స్టేషన్లో కూర్చుని ఈగలు తోలుకుంటున్నారు, మ్యూజిక్ ఊసే లేదు అని నీ ఫిర్యాదు. నువ్వన్నది నిజమే, అక్కడ సంగీతం లేదు. ఇంకాస్సేపు ఓపిక పట్టి ఉంటే రైలు వచ్చి వెళ్లిపోయేది, దాని వెనకాల నుంచి హార్మోనికా (మౌత్ ఆర్గాన్) వినపడేది. ఈ సినిమాలో మొదటి స్వరం అదే. ముందు వినిపిస్తుంది, ఆ తర్వాతే వాయించే మనిషి కనిపిస్తాడు.

ఎందుకలా తీశారో తెలియాలంటే దీన్ని తయారుచేసిన వరస తెలియాలి. సాధారణంగా సినిమా తీసి, ఎడిటింగ్ చేసి, ఆఖర్న రీరికార్డింగ్‌కి కూర్చుంటారు. 1968లో వచ్చిన ఈ సినిమాకి అది తిరగబడింది. దర్శకుడు సెర్జియో లియోనె, సంగీతం ఎన్నియో మొర్రికోనె. ఇద్దరూ రోమ్‌లో చిన్నప్పుడు ఒకే బడిలో చదివినవాళ్లు. ముఖ్యమైన బాణీలన్నీ షూటింగ్ కంటే ముందే తయారయ్యాయి. సెట్లో వాటిని వేసి వినిపిస్తూ నటుల చేత నడిపించారు, కెమెరా కదిలించారు. మనకిది కొత్తేం కాదు. మన పాటలన్నీ అలాగే కదా తీస్తారు, ముందు రికార్డింగ్, తర్వాత చిత్రీకరణ. లియోనె ఆ పద్ధతిని డాన్సుకి కాకుండా ఒక ఆడమనిషి రైలు దిగడానికీ, ఒక హంతకుడు పొదల్లోంచి నడిచి రావడానికీ వాడాడు. జనం విజువల్స్, మ్యూజిక్ అని రెండు ముక్కలుగా మెచ్చుకుంటారు గానీ, నన్నడిగితే ఈ సినిమాలో అవి రెండు కావు.

ఇక ఆ మొదటి సన్నివేశం. ఫ్లోరెన్స్‌లో ఒక కచేరీలో ఒకతను స్టేజి మీద నిచ్చెనను కిర్రుమనిపిస్తూ ఉండటం మొర్రికోనె చూశాడు. మామూలు చప్పుడునైనా దాని చోటు నుంచి విడదీసి వినిపిస్తే సంగీతం అవుతుందన్న ఆలోచన అది, లియోనెకి చెప్పాడు. మళ్లీ పెట్టినప్పుడు దీన్ని కచేరీలాగే విను. నూనె లేని గాలిమర కిర్రు మొదటినుంచీ శ్రుతిలా నడుస్తూనే ఉంటుంది. దాని మీద టెలిగ్రాఫ్ యంత్రం టకటకలాడుతుంది, ఒకడు తీగలు పీకేసి దాని నోరు మూయిస్తాడు. ఇంకొకడి బోడిగుండు మీద పైనుంచి నీటి చుక్కలు. టోపీ పెట్టుకుంటాడు, చప్పుడు మారుతుంది. మూడోవాడు వేళ్లు విరుచుకుంటాడు. ఈగ సంగతి చెప్పను, నువ్వే చూడు. ఒక్కో చప్పుడూ వచ్చి, కాసేపు వాయించి, తప్పుకుంటుంది.

ఇక్కడే నీ టీవీ నిన్ను మోసం చేసి ఉంటుంది. సౌండ్ సెట్టింగుల్లో ఆటో వాల్యూమ్ గానీ నైట్ మోడ్ గానీ ఆన్‌లో ఉంటే చిన్న చప్పుళ్లను పెంచుతుంది, పెద్దవాటిని తగ్గిస్తుంది. అప్పుడు ఈగా, రైలూ దాదాపు ఒకే మోతాదులో వినపడతాయి. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఉండాల్సిన నిశ్శబ్దం గరగరతో నిండిపోతుంది. ఆ రెండూ ఆఫ్ చెయ్యి. నీటి చుక్క స్పష్టంగా వినపడే దగ్గర వాల్యూమ్ పెట్టి, ఆ తర్వాత రిమోట్ ముట్టుకోకు. తుపాకీ పేలినప్పుడు ఉలిక్కిపడతావు, పడాలి కూడా. డిస్క్‌లో మోనో ట్రాక్ ఉంటే అదే ఎంచుకో. అప్పట్లో థియేటర్లో ఒకటే ట్రాక్, 5.1 అనేది తర్వాత విడదీసి పేర్చింది. విశాలంగా ఉంటుంది, నిజమే. కానీ మొదట తయారుచేసింది అది కాదు.

బొమ్మ సంగతికి వద్దాం. ఫ్రేము నిష్పత్తి 2.35:1. నీ 43 అంగుళాల టీవీలో పైనా కిందా రెండున్నర అంగుళాల చొప్పున నల్ల పట్టీలు వస్తాయి. అవి చూసి జూమ్ నొక్కేవాళ్లు చాలామంది. నొక్కితే పక్కల నుంచి దాదాపు పావు వంతు బొమ్మ పోతుంది. లియోనె మనుషుల్ని ఫ్రేము చివర్లలో నిలబెడతాడు కాబట్టి పోయేది ఖాళీ జాగా కాదు, తుపాకీ పట్టుకున్నవాడు.

ఆ ముఖాలు అంత దగ్గరగా, వెనక కొండలు కూడా అంత స్పష్టంగా ఎలా ఉన్నాయని అందరికీ ఆశ్చర్యం. కొంత ఛాయాగ్రాహకుడు టొనినో డెల్లి కొల్లి పనితనం, కొంత టెక్నిస్కోప్ అనే పద్ధతి. మామూలు 35 ఎం.ఎం. ఫిల్మ్‌లో ఒక్కో ఫ్రేముకు పక్కన నాలుగు రంధ్రాల ఎత్తు ఉంటుంది, టెక్నిస్కోప్‌లో రెండే. అందుకని వెయ్యి అడుగుల రోలు 11 నిమిషాలకు బదులు 22 నిమిషాలు వస్తుంది, ఖర్చు సగం. అసలు లాభం లెన్సులో ఉంది. అప్పటి స్కోప్ లెన్సులు బొమ్మను పక్కలనుంచి నొక్కి పట్టేవి. బాగా దగ్గరికి పోతే ముఖాలు ఉబ్బేవి, ఫోకస్ ఇబ్బంది పెట్టేది. టెక్నిస్కోప్‌కి మామూలు లెన్సులు చాలు, నొక్కడం తర్వాత ల్యాబులో చేస్తారు. దాంతో కళ్లు మాత్రమే తెర నిండా వచ్చేంత దగ్గరికి వెళ్లొచ్చు, వెనకున్న దూరం కూడా మసకబారదు.

నష్టమూ ఉంది. నెగెటివ్ సగమే కాబట్టి పెద్దది చేసినప్పుడు గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీది సన్నటి రేణువులు, పైకి తేలుతుంది. ఆ రోజుల్లో టెక్నికలర్ వాళ్లు రంగుల అద్దకం పద్ధతిలో ప్రింట్లు వేసేవాళ్లు, గ్రెయిన్ అణిగి ఉండేది. ఆ పద్ధతి మూలపడ్డాక మధ్యలో ఇంకో రెండు కాపీలు తీసి ప్రింటు వేయాల్సి వచ్చింది, ప్రతి కాపీతోనూ గరుకు పెరిగింది. అది చూసి టీవీలో నాయిస్ రిడక్షన్ పెట్టావంటే ఇందులో నటించిన హెన్రీ ఫోండా ముఖం ప్లాస్టిక్ బొమ్మలా నున్నగా అయిపోతుంది. చెమటా, దుమ్మూ, ముడతలూ పోయాక ఆ క్లోజప్‌లో చూడటానికి ఇంకేముంది? నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ రెండూ ఆఫ్; షార్ప్‌నెస్ బాగా తగ్గించు. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఒక్క నొక్కుతో అన్నీ సర్దుకుంటాయి.

కథానాయిక క్లాడియా కార్డినాలె రైలు దిగే చోటు మాత్రం రెండుసార్లు చూడు. తనను తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. ప్లాట్‌ఫాం మీద వేచి చూస్తుంది, జనం పలచబడతారు. సంగీతం చాలా మెల్లగా మొదలవుతుంది. ఆమె స్టేషన్ గదిలోకి వెళ్తుంది, మనం బయటే ఉండి కిటికీలోంచి చూస్తాం, మాటలు వినం. అప్పుడు వినిపించేది గాయని ఎడ్డా డెల్ఓర్సో గొంతు, మాటల్లేని ఆలాపన. ఆమె అవతలి తలుపులోంచి బయటికి నడుస్తుంటే కెమెరా క్రేన్ మీద గోడ వెంట లేచి కప్పు దాటుతుంది. కప్పు దాటడమూ, ఆర్కెస్ట్రా మొత్తం విచ్చుకోవడమూ ఒక్కసారే. అవతల కట్టుబడి సాగుతున్న ఊరు, బళ్లు, గుర్రాలు, జనం. ఆ ఊరి సెట్టు స్పెయిన్‌లో, గ్రనడా జిల్లాలో లా కలహోర్రా అనే పల్లె దగ్గర వేశారు. కాసేపటికి ఆమె బండి ఎక్కి వెళ్తుంటే బూడిద రంగు నేల ఎర్రబడుతుంది. అక్కడినుంచి అమెరికా, మాన్యుమెంట్ వ్యాలీ. ఖండం మారినా చూసేవాళ్లకి పట్టదు.

పొలంలో ఒక కుటుంబాన్ని చంపే ఘట్టంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం చేశారు. అక్కడ ప్రమాదాన్ని చెప్పేది కీచురాళ్లు, ఉన్నట్టుండి ఆగిపోతాయి. కాల్పులు అయ్యేదాకా నేపథ్య సంగీతం లేదు. పిల్లవాడు ఇంట్లోంచి పరుగున బయటికి రాగానే ఎలక్ట్రిక్ గిటార్ విరుచుకుపడుతుంది. పొదల్లోంచి పొడవాటి కోట్లవాళ్లు లేస్తారు, కెమెరా వాళ్ల నాయకుడి వెనకనుంచి చుట్టూ తిరిగి ముఖం చూపిస్తుంది: ఫోండా. అప్పటిదాకా మంచివాడి వేషాలకు పేరుపడ్డ మనిషి, నీలికళ్లు. గోధుమరంగు లెన్సులు పెట్టుకుని, మీసంతో వస్తే లియోనె రెండూ తీయించేశాడు. ‘షోలే’ (1975)లో ఠాకూర్ కుటుంబాన్ని చంపే సన్నివేశం ఈ ఘట్టానికి తమ్ముడే. అక్కడ ఊయల కిర్రును విను.

మనుషులకు బాణీలు పంచిన తీరు కూడా గమనించు. దొంగ షయాన్‌కి బాంజో, ఈల, గుర్రం మెల్లగా నడిచే లయ. ఈల అలెస్సాండ్రో అలెస్సాండ్రోనిది. ఆ బాణీ చివర్లో ఒకచోట నడుస్తూ నడుస్తూ తెగిపోతుంది, అక్కడ రిమోట్ మీద చెయ్యి వేయకు, టీవీ చెడిపోలేదు. కథానాయకుడు చార్లెస్ బ్రాన్సన్ పాత్రకి పేరే హార్మోనికా. వాయించింది ఫ్రాంకో డి జెమిని. హార్మోనికాలో ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఇంకోటి. ఇందులో అది పాటలా ఉండదు, ఊపిరందని మనిషి పీల్చి వదిలినట్టే ఉంటుంది. ఎందుకో కథ ఆఖర్న చెబుతుంది, నేను చెప్పను. ఫోండాకీ అతనికీ బాణీ ఒకటే ఎందుకో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇదంతా నీ దగ్గరున్న కాపీ సరైనదైతేనే. అసలు నిడివి 165 నిమిషాలు. 1969లో అమెరికాలో ఓ ఇరవై నిమిషాలు కోసి విడుదల చేశారు, ఆడలేదు. కోయని ఫ్రాన్స్‌లో మాత్రం దాదాపు కోటీ 48 లక్షల టికెట్లు తెగాయి. 145 దగ్గర ఉంటే కోసినది, చూడకు. 158 ఉంటే ఏమీ కోయలేదు, పాల్ (PAL) అనే పాత టీవీ పద్ధతి డీవీడీ అన్నమాట. సెకనుకు 24 ఫ్రేములవి 25 చొప్పున తిప్పుతుంది. సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది, ఎడ్డా గొంతు అర స్వరానికి కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. నీకు తెలియకపోవచ్చు, నాకు మాత్రం చెవిలో ముల్లే. ముందు నీ కాపీ నిడివి చూసి మెసేజ్ పెట్టు. 165 కాకపోతే మన బ్లూరే డిస్కు పార్సిల్ చేస్తాను, కవరుతో సహా జాగ్రత్తగా తిరిగి తీసుకురా.

అమ్మ