మౌనం అంగీకారం కాదు

సంపాదకులకు నమస్కారం.

యూనివర్సిటీల్లో సమానత్వం, సమ్మతి గురించి పెట్టే వర్క్‌షాపులు దండగని మొన్న ఒక పాఠకుడు రాశారు. పీజీ చదువుతున్నాను, అలాంటి దాంట్లో నేనూ కూర్చున్నాను. మొదటి గంటంతా స్లైడ్లే. వెనక వరుసలవాళ్లు ఫోన్లలో మునిగిపోయారు. ఆ మాట ఒప్పుకుంటాను.

తర్వాత మమ్మల్ని జంటలుగా నిలబెట్టి, ఎదుటివాళ్లు ‘ఆగు’ అనేదాకా ఒక్కో అడుగే దగ్గరికి వెళ్లమన్నారు. నా ఎదురుగా ఉన్న అమ్మాయి బిగుసుకుపోయింది, ఫైలును గుండెకు అదుముకుంది, నోరు మాత్రం విప్పలేదు. నేను నడుస్తూనే ఉన్నాను! మౌనం అర్ధాంగీకారమని చిన్నప్పటి నుంచీ విన్నాం కదా.

అమెరికాలోని ఆంటియాక్ కాలేజీ 1991లోనే లైంగికంగా దగ్గరయ్యే ప్రతి దశలోనూ ఎదుటివాళ్లను నోటితో అడగాలని నియమం పెడితే చాలామంది ఎగతాళి చేశారు. 2014లో కాలిఫోర్నియా, రాష్ట్ర ఆర్థిక సాయం అందే కాలేజీలకు స్పష్టమైన సమ్మతి విధానాన్ని చట్టంతో తప్పనిసరి చేసింది.

నా ఫిర్యాదు వేరే. అందరినీ కలుపుకుపోవడం గురించిన ఆ క్లాసు లిఫ్టు లేని రెండో అంతస్తులో పెట్టారు. వీల్‌చైర్‌లో వచ్చే మా క్లాస్‌మేట్ కిందే ఉండిపోయాడు. ప్రొఫెసర్లు ఒక్కరూ రాలేదు. రీసెర్చ్ గైడుకు ‘కుదరదు సార్’ అని చెప్పడం ఎంత కష్టమో వాళ్లకెవరు చెబుతారు?

– ఒక పీజీ విద్యార్థిని